చూచినది, విన్నది, వ్రాసినది: దక్షిణ కోసలంపై హుయాన్ త్సాంగ్ సాక్ష్యం

భిలాయి ఉక్కునగరం నుండి రాయపూర్ మీదుగా తూర్పు దిక్కున నూరు కిలోమీటర్లకు పైగా సాగితే మహానది ఒడ్డున సిర్పూర్ చేరవచ్చును. శాసనాలలో శ్రీపురమని కనిపించే ఈ ఊరు ఒకప్పుడు పాండువంశీయుల రాజధాని. భిలాయిలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, ఛత్తీస్‌గఢ్ మీదుగా యాత్ర చేసే భిక్షువులకూ ఇది ఒక్క పూట ప్రయాణం. అక్కడి విహార శిథిలాల మధ్య నిలిచిన సందర్శకునికి తరచుగా మూడు మాటలు వినిపిస్తాయి. చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఈ నగరాన్ని కళ్లారా చూచాడన్నది మొదటిది. ఆనాడు ఇక్కడ నూరు విహారాలు, పదివేలమంది భిక్షువులు ఉండేవారన్నది రెండవది. ఆచార్య నాగార్జునుడు ఇక్కడనే నివసించాడన్నది మూడవది. మూడింటికీ చూపే ఆధారం ఒక్కటే: హుయాన్ త్సాంగ్ వృత్తాంతమైన సి-యూ-కి. మూడింటికీ ఇచ్చే విలువ కూడా ఒక్కటే: చూచినవాడు చెప్పిన మాట.

గ్రంథాన్ని తెరచి చూస్తే ఈ మూడు మాటలూ ఒకే జాతికి చెందినవి కావని తెలుస్తుంది. మొదటిది గ్రంథం చెప్పని ఊరి పేరును దానికి చేర్చడం. రెండవది దేశమంతటికీ చెప్పిన లెక్కను ఒక్క నగరానికి కట్టబెట్టడం. మూడవది యాత్రికుడు విన్న గాథ. సాక్షి నమ్మదగినవాడా కాదా అన్న ప్రశ్న ఇక్కడ చాలదు. అతని ఏ వాక్యం ఏ రకపు సాక్ష్యమో వాక్యం వెంట వాక్యంగా తేల్చవలసి ఉన్నది. సి-యూ-కి ఆ పరీక్షకు తట్టుకోగల గ్రంథం. దానిని వాడుకొనే తీరులోనే లోపమున్నది.

గ్రంథ నిర్మాణాన్ని ముందుగా గమనించాలి. హుయాన్ త్సాంగ్ కోసలాన్ని దర్శించినది సుమారు క్రీ.శ. 638–640 మధ్య. చాంగాన్ నగరానికి తిరిగి చేరినది 645లో. తాంగ్ చక్రవర్తి తైజుంగ్ కోరికపై 12 సంపుటాల వృత్తాంతం పూర్తయినది 646లో. చూపునకు, వ్రాతకు నడుమ ఆరేడేండ్లు గడచినవి. ఆ ఏండ్లలో ఎన్నో దేశాలు, వందలాది విహారాలు, లెక్కలేనన్ని స్థలగాథలు ఆయన మనసులో చేరినవి. వాక్యాలను కూర్చినవాడు కూడా ఆయన కాదు. బియెన్‌జీ అనే యువభిక్షువు. పైగా ప్రతి దేశానికీ ఒకే వరుస కనిపిస్తుంది: దేశపు చుట్టుకొలత, రాజధాని చుట్టుకొలత, నేల, వాతావరణం, ప్రజల స్వభావం, రాజు కులం, అతని మతం, విహారాల సంఖ్య, భిక్షువుల సంఖ్య, దేవాలయాల సంఖ్య. పశ్చిమ దేశాల సమాచారం కోరిన కొలువు కొరకు సిద్ధమైన పట్టిక వంటిది ఇది. పట్టికలో గడి ఉన్నప్పుడు దానిని నింపవలసి వస్తుంది. స్పష్టంగా గుర్తున్న లెక్కా, సుమారుగా గుర్తున్న లెక్కా అందులో ఒకే రూపంలో కనిపిస్తాయి.

కోసలాన్ని గురించి పదవ సంపుటం చెప్పే విషయాలివి. కళింగం నుండి వాయవ్య దిశగా కొండలు, అడవుల గుండా 1,800 లీలకు పైగా నడిస్తే ఈ దేశం వస్తుంది. దేశపు చుట్టుకొలత 6,000 లీలు, రాజధానిది సుమారు 40 లీలు. రాజు క్షత్రియుడు, బుద్ధధర్మాన్ని గౌరవించేవాడు. సుమారు నూరు సంఘారామాలు, పదివేలకు కొంచెం తక్కువగా భిక్షువులు. అందరూ మహాయానాన్ని అభ్యసించేవారే. దేవాలయాలు డెబ్బైకి పైగా. నగరానికి దక్షిణంగా కొద్ది దూరంలో ఒక పాత సంఘారామం, దాని పక్కన అశోకుడు కట్టించిన స్తూపం. పూర్వం తథాగతుడు అక్కడ మహిమలు చూపి తీర్థికులను లొంగదీశాడు. తరువాతి కాలంలో నాగార్జునుడు ఆ ఆరామంలో ఉన్నాడు. సింహళం నుండి వచ్చిన ఆర్యదేవుడు ఆయనను అక్కడ కలిశాడు. దేశానికి నైరుతిగా 300 లీలకు పైగా దూరంలో ఒక కొండ ఉన్నది. అక్కడ సాతవాహన రాజు నాగార్జునుని కొరకు రాతిని తొలిపించి అయిదంతస్తుల విహారం నిర్మించాడు. ఖజానా ఖాళీ అయినప్పుడు నాగార్జునుడు రాళ్లను బంగారంగా మార్చాడు. తరువాత భిక్షువుల కలహం వల్ల ఆ విహారం చేజారిపోయింది. దానికి దారి కూడా ఇప్పుడు తెలియదు.

ఈ చివరి భాగాన్ని హుయాన్ త్సాంగ్ చూచాడని అనడానికి వీలు లేదు. దారి తెలియని చోటును చూచినట్లు ఆయన చెప్పడం లేదు. ఈ విషయంలో గ్రంథమే పాఠకునికి ఒక గుర్తు ఇస్తున్నది. సి-యూ-కి చివర బియెన్‌జీ ఒక నియమాన్ని పేర్కొన్నాడు: ‘షింగ్’, అనగా నడచుట, అని వ్రాసిన చోట్లు ఆచార్యుడు స్వయంగా తిరిగినవి, ‘జీ’, అనగా చేరుట, అని మాత్రమే వ్రాసిన చోట్లు విన్నదానిని బట్టి నమోదు చేసినవి. మొత్తం 138 దేశాలలో స్వయంగా తిరిగినవి 110 అనీ, విన్నవి 28 అనీ ఆ కాలంలోనే లెక్క కట్టారు. కోసలంలో ప్రవేశించే వాక్యంలో నడక ఉన్నది. నైరుతి కొండకు సంబంధించిన వాక్యంలో లేదు. ఈ గుర్తులు ప్రతులన్నింటిలో ఒకే తీరుగా నిలిచినవని భావించరాదు కనుక, దీనినొక్కదానినే తీర్పుగా గ్రహించరాదు. అయినా ఇక్కడ గుర్తు, విషయం రెండూ ఒకే వైపు చూపుతున్నాయి.

ఇందుకు మరొక తోడు ఫాహియాన్. క్రీ.శ. 399లో బయలుదేరిన ఆ యాత్రికుడు దక్షిణాపథంలోని అయిదంతస్తుల రాతి విహారాన్ని వర్ణించాడు. అంతస్తులు ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, పావురం ఆకారాలలో ఉంటాయన్నాడు. తాను అక్కడికి వెళ్లలేకపోయాననీ, ఆ దేశస్థులు చెప్పినది వ్రాస్తున్నాననీ ఆయన స్పష్టంగా పేర్కొన్నాడు. రెండు వందల ఏండ్లకు పైగా ఎడమున్న ఇద్దరు యాత్రికులకు దక్షిణాన అయిదంతస్తుల రాతి విహారం ఉన్నదన్న మాట వినిపించినది. ఆ గాథ విస్తృతంగా ప్రచారంలో ఉండేదనడానికి ఇది బలమైన సాక్ష్యం. విహారం ఫలానా చోట ఉండేదనడానికి ఇది సాక్ష్యం కాదు.

కొండ పేరు విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. చైనా ప్రతులలో కొన్ని దాని అర్థాన్ని ‘నల్లని తుమ్మెద’ అని, కొన్ని ‘నల్లని శిఖరం’ అని ఇస్తాయి. తుమ్మెదకూ శిఖరానికీ చైనా భాషలో ఉచ్చారణ ఒకటే, ‘ఫెంగ్’. వ్రాసే అక్షరం వేరు. తుమ్మెద పాఠాన్ని గ్రహిస్తే భ్రమరగిరి అన్న పేరు వస్తుంది. భ్రమరాంబ పేరు వింటూ పెరిగిన తెలుగువారికి వెంటనే శ్రీశైలం తలపునకు రావడం సహజం. అయితే 300 లీలను కన్నింగ్‌హామ్ లెక్కన, ఆరు లీలకు ఒక మైలు చొప్పున, గణిస్తే 50 మైళ్లు మాత్రమే. సిర్పూర్ నుండి శ్రీశైలం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ గుర్తింపునకు ఊతమిస్తున్నది యాత్రికుని జ్ఞాపకం కాదు, పాఠకుని జ్ఞాపకం.

నగరానికి దక్షిణాన ఉన్న ఆరామాన్ని గురించిన మాటలలో నాలుగు పొరలున్నాయి. అక్కడ పాత ఆరామం, స్తూపం ఉన్నాయన్నది యాత్రికుని చూపు. ఆ స్తూపాన్ని అశోకుడు కట్టించాడన్నది స్థానికుల మాట. తొమ్మిది వందల ఏండ్ల నాటి కర్తృత్వాన్ని కంటితో చూడడం సాధ్యం కాదు. తథాగతుడు అక్కడ మహిమలు చూపాడన్నది భక్తుల సంప్రదాయం. నాగార్జునుడు నివసించాడన్నది ఆచార్య పరంపరలోని గాథ. నాలుగింటినీ గ్రంథం ఒకే స్వరంతో, ఒకే పేరాలో చెబుతుంది. పొరలను విడదీయకుండా ‘హుయాన్ త్సాంగ్ సాక్ష్యం’ అని ఉదహరించినప్పుడు మొదటి పొరకున్న బలం తక్కిన మూడింటికీ అప్పుగా చేరుతుంది.

ఇక రాజధాని. కోసల రాజధాని పేరును గ్రంథం ఇవ్వలేదు. అందువల్లనే 19వ శతాబ్దిలో కన్నింగ్‌హామ్ చాందాను, అంటే నేటి చంద్రాపూర్‌ను సూచించారు. ఫెర్గుసన్ వైరాగఢ్ వైపు మొగ్గారు. సిర్పూర్ వైపు తూకం మొగ్గడానికి ప్రధాన కారణం తవ్వకాలు. 1950ల మధ్యకాలంలో మోరేశ్వర్ దీక్షిత్ జరిపిన తవ్వకాలలో ఆనందప్రభు కుటీ విహారం, స్వస్తిక విహారం బయటపడ్డాయి. మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు విహారం కట్టించిన సంగతిని అక్కడి శాసనం తెలుపుతున్నది. తరువాతి దశాబ్దాలలో మరికొన్ని విహారాలు వెలుగు చూచినవి. ఈ ఆధారాలు శ్రీపురాన్ని పెద్ద బౌద్ధ కేంద్రంగా స్థాపించడానికి చాలును. అయితే నూరు సంఘారామాలు, పదివేలకు తక్కువైన భిక్షువులు అన్న లెక్క 6,000 లీల దేశానికి చెప్పినది. దానిని ఒక్క పట్టణపు నేలలో వెదకడం గ్రంథానికీ, తవ్వకాలకూ అన్యాయం. నూరు, పదివేలు వంటి నిండు సంఖ్యలు లెక్కపెట్టిన ఫలితాలుగా కాక పరిమాణాన్ని తెలిపే మాటలుగా గ్రహించవలసినవి. పదివేలకు ‘కొంచెం తక్కువ’ అన్న మాటలోనే ఆ జాగ్రత్త ఉన్నది. ప్రచారపు పలకల మీదికి వచ్చేసరికి ఆ మాట రాలిపోతున్నది.

రాజును గురించిన వాక్యం మరింత ఆసక్తికరం. బాలార్జునుడు శాసనాలలో తనను పరమమాహేశ్వరుడని చెప్పుకొన్నాడు. అతని తల్లి వాసటా దేవి భర్త హర్షగుప్తుని స్మృతిగా కట్టించిన ఇటుక గుడి, నేడు లక్ష్మణ దేవాలయంగా పేరొందినది, విష్ణ్వాలయం. అదే బాలార్జునుడు తరడంశకంలోని చిన్న విహారంలో నివసించే భిక్షుసంఘానికి కైలాసపుర గ్రామాన్ని దానం చేసినట్లు మల్లార్ తామ్రశాసనం చెబుతున్నది. ఈ రాజునే యాత్రికుడు చూచి ఉంటే, బౌద్ధానికి రాజాశ్రయం ఉన్నదన్న సారం సరైనది; రాజు మతం విషయంలో ముద్ర ఏకపక్షమైనది. విహారాలలో బస చేసి, భిక్షువులతో మాట్లాడిన అతిథికి కొలువులోని శైవం మసకగా కనిపించడంలో వింత లేదు. సాక్షి నిలిచిన చోటు అతని చూపును నిర్ణయిస్తుంది.

ఇక్కడ పరిశోధకులు పడే గుంట ఒకటున్నది. బాలార్జునుని కాలాన్ని తొలితరం పండితులు 8, 9 శతాబ్దులలో నిలిపారు. తరువాతివారు పలువురు 6వ శతాబ్ది చివర నుండి 7వ శతాబ్ది నడిమికి జరిపారు. హుయాన్ త్సాంగ్ రాకను ఆధారం చేసుకొని బాలార్జునుని 7వ శతాబ్దిలో నిలిపి, ఆ పిమ్మట బాలార్జునుని శాసనాలు హుయాన్ త్సాంగ్ మాటను ధ్రువపరుస్తున్నాయని చెబితే అది వలయం. ఒకే సాక్షి రెండుసార్లు బోనెక్కినట్లవుతుంది. వలయాన్ని తెంచే స్వతంత్ర ఆధారం వాసటా దేవి పుట్టింటి వైపు ఉన్నది. ఆమె తండ్రి సూర్యవర్మ అని లక్ష్మణ దేవాలయ శాసనం చెబుతున్నది. ఇతనిని క్రీ.శ. 554 నాటి హరాహా శాసనంలోని మౌఖరి సూర్యవర్మగా గుర్తిస్తే, మనుమడైన బాలార్జునుని కాలం యాత్రికుని ప్రమేయం లేకుండానే 7వ శతాబ్ది తొలి భాగానికి చేరుతుంది. ఈ గుర్తింపును పరీక్షించవచ్చును, ఖండించనూ వచ్చును. కాని అది సి-యూ-కి నుండి పుట్టినది కాదు. ధ్రువీకరణ అనదగినది అటువంటిదే.

జ్ఞాపకంపై ఆధునిక పరిశోధన ఈ వివేచనకు తోడ్పడుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల చిత్రాలను చూపి, ప్రశ్నలో ఒక్క క్రియాపదాన్ని మార్చి అడిగారు. కార్లు ‘తగిలినప్పుడు’ అని అడిగిన వారికంటే ‘బద్దలయ్యేలా గుద్దుకొన్నప్పుడు’ అని అడిగిన వారు ఎక్కువ వేగాన్ని చెప్పారు; వారం తరువాత, లేని గాజుపెంకులను చూచామన్నవారు కూడా వారిలోనే ఎక్కువ. ప్రశ్న జ్ఞాపకంలో భాగమైపోతుంది. 1981లో ఉల్రిక్ నైసర్, వాటర్‌గేట్ విచారణలో జాన్ డీన్ 1973లో ఇచ్చిన సాక్ష్యాన్ని శ్వేతసౌధపు ధ్వనిముద్రికలతో పోల్చారు. ఎవరు ఏ రోజున ఏ మాటలన్నారన్న దానిలో డీన్ పలుచోట్ల తప్పాడు. జరుగుతున్న వ్యవహారపు స్వరూపాన్ని మాత్రం సరిగా చెప్పాడు. పలుమార్లు ఎదురైన అనుభవాల సారం నిలుస్తుంది. విడి సన్నివేశాల అంచులు చెదరుతాయి. కోసలాన్ని గురించిన వాక్యాలలోనూ ఇదే తీరు: మహాయానం బలంగా ఉన్నదన్నది, రాజాశ్రయం ఉన్నదన్నది నిలిచిన సారం, సంఖ్యలు, దూరాలు చెదరగల అంచులు.

ఈ పరీక్షను భిలాయిలో బ్రతికున్న జ్ఞాపకానికి కూడా వర్తింపజేయవచ్చును. సోవియట్ సహకారంతో నిర్మించిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆనాడు అక్కడ ఉన్న వృద్ధ కార్మికుడొకడు ఆ సభలో నెహ్రూను చూచానని చెప్పాడనుకొందాం. నెహ్రూ ఇతర సందర్భాలలో భిలాయి వచ్చినవారే. ఆ కార్మికుని మనసులో రెండు రోజులు ఒక్కటై ఉండవచ్చును. అందులో అబద్ధమేమీ లేదు. తేదీకీ ముఖ్య అతిథికీ కాగితం ప్రమాణం. తొలిసారి కరిగిన ఇనుము పారినప్పటి వేడికీ, జనం ఊపిరి బిగబట్టిన తీరుకూ ఆ వృద్ధుని మాటకు మించిన ప్రమాణం లేదు. వారసత్వ పరిశోధకులు పెద్దల జ్ఞాపకాలను సేకరించేటప్పుడు ఈ రెండు గడులను వేరుచేసి నింపితే సాక్షికి గౌరవం, చరిత్రకు భద్రత రెండూ దక్కుతాయి.

బౌద్ధ సంప్రదాయానికి ఈ వివేకం కొత్త కాదు. మహాపరినిబ్బాన సుత్తంలో, భోగనగరంలో బుద్ధ భగవానుడు నాలుగు మహాపదేశాలను ఉపదేశించాడు. భగవానుని నోటనే విన్నానని ఒక భిక్షువు చెప్పినా, స్థవిరులున్న సంఘం చెప్పినా, పలువురు బహుశ్రుత స్థవిరులు చెప్పినా, ఒక్క స్థవిరుడు చెప్పినా, ఆ మాటను వెంటనే ఆమోదించరాదు, తిరస్కరించనూరాదు. సుత్త వినయాలతో సరిపోల్చి చూడాలి. చెప్పినవాని యోగ్యతను శంకించకుండానే చెప్పిన మాటను పరీక్షించే పద్ధతి ఇది. చుల్లవగ్గం మరొక ఉదాహరణను భద్రపరచినది. రాజగృహ సంగీతి ముగిసిన తరువాత దక్షిణగిరి నుండి వచ్చిన పురాణ స్థవిరుడు, సంగీతి బాగా జరిగినదని అంగీకరిస్తూనే, తాను భగవానుని సన్నిధిలో విన్నదానినే గుర్తుంచుకొంటానన్నాడు. ఆయన మాటను తొలగించకుండా నమోదు చేసిన సంకలనకర్తల నిజాయితీ గమనింపదగినది.

దిఙ్నాగుడు ఈ వివేచనను శాస్త్రంగా మలచాడు. ఆయన అంగీకరించిన ప్రమాణాలు ప్రత్యక్షం, అనుమానం అనే రెండే. స్మృతి ప్రత్యేక ప్రమాణం కాదు. అది ముందే తెలిసినదానిని తిరిగి తెచ్చుకోవడం. ఆప్తవాక్యం అనుమానంలో చేరుతుంది. అంటే వక్త నమ్మదగినవాడన్న హేతువు మీద ఆధారపడి నిలుస్తుంది, ఆ హేతువు బలమెంతో దాని బలమూ అంతే. హుయీలీ ఆరంభించగా 688లో యెన్‌త్సుంగ్ పూర్తిచేసిన హుయాన్ త్సాంగ్ జీవితచరిత్ర ఒక చక్కని సంగతిని చెబుతున్నది: కోసలంలో హేతువిద్యలో నిపుణుడైన ఒక బ్రాహ్మణుని వద్ద ఆచార్యుడు నెలకు పైగా ఉండి ప్రమాణసముచ్చయాన్ని చదివాడు. సి-యూ-కి కోసల భాగంలో ఈ సంగతి లేదు. కొలువుకు సమర్పించిన దేశాల పట్టికలో యాత్రికుని చదువుకు గడి లేదు. శిష్యుల వద్ద మిగిలిన జ్ఞాపకంలో దానికి చోటు దొరికినది. తరువాతి కాలంలో వ్రాసినదన్న ఒక్క కారణంతో జీవితచరిత్రను తోసిపుచ్చరాదనడానికి ఇది నిదర్శనం.

ఈ పరీక్ష తెలుగు నేలకూ వర్తిస్తుంది. రాయపూర్ నుండి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా విజయనగరం చేరే రైలుమార్గం భిలాయి తెలుగువారికి సుపరిచితం. కళింగం నుండి కోసలానికి యాత్రికుడు వాయవ్యంగా సాగిన దిశకు అది స్థూలంగా ఎదురుదారి. కోసలం విడిచి ఆయన దక్షిణంగా ఆంధ్రకు, అక్కడి నుండి ధాన్యకటకానికి వచ్చాడు. వేంగి సమీపంలోని ఒంటరి కొండపై దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని రచించాడన్నదీ, ధాన్యకటకపు పూర్వశైల, అపరశైల విహారాలు నూరేండ్లుగా పాడుపడి ఉన్నాయన్నదీ ఒకే గ్రంథంలోని మాటలే. పాడుపడిన స్థితి ఆయన చూచినది. నూరేండ్ల లెక్క విన్నది. అవి పాడుపడడానికి చెప్పిన కారణం గాథ. అమరావతిని గురించి వ్రాసేటప్పుడు ఈ మూడింటినీ కలిపి ఉదహరించే అలవాటు తెలుగు రచనలలోనూ తక్కువ కాదు.

కాబట్టి సిర్పూర్ విషయంలో ప్రస్తుతం చెప్పగలిగినదిది. హుయాన్ త్సాంగ్ దక్షిణ కోసలంలో ప్రవేశించాడు, అక్కడ కొంతకాలం నిలిచాడు, బౌద్ధం బలంగా ఉన్న దేశాన్ని చూచాడు. ఆయన చూచిన రాజధాని శ్రీపురమే కావడానికి శాసనాలు, తవ్వకాలు గట్టి అవకాశమిస్తున్నాయి. గ్రంథం ఆ పేరు చెప్పడం లేదు. భిక్షువుల లెక్క దేశమంతటికీ చెందినది, సుమారు లెక్క. నాగార్జునుని నివాసం 7వ శతాబ్ది కోసలంలో ప్రచారంలో ఉన్న గాథ. ఆ గాథ అక్కడ బ్రతికి ఉండడమే ఒక చారిత్రక సత్యం. ఇంత మాత్రం చెబితే సిర్పూర్ ఘనతకు లోటు రాదు. పదివేలమంది భిక్షువులకు చాలినన్ని గదులు రేపటి తవ్వకంలో దొరకకపోతే, తప్పు యాత్రికునిదని తీర్పు వినిపిస్తుంది. ఆయన చెప్పని మాటకు ఆయనను దోషిగా నిలపడం జరుగుతుంది. సందర్శకునికి చెప్పే మాటలోనూ, పలకపై వ్రాసే అక్షరంలోనూ ‘చూచాడు’, ‘విన్నాడు’ అన్న రెండు క్రియలను విడిగా వాడితే ఆ అన్యాయం తప్పుతుంది.